సంభాషణలో ఎవరి తెలుగు? : తెలుగు కథాసాహిత్యంలో పాత్రల భాష – ఒక పరిశీలన

బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలోని సర్జాపుర ప్రాంతంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఒకవైపు మాలూరు, మరొకవైపు హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సరిహద్దు దాటితే తమిళం. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన తరువాత ఈ మొరసునాటి తెలుగువారు చాలామంది తెలుగు రాష్ట్రానికి వెలుపలే ఉండిపోయారు.

ఇటువంటి చోట పెరిగిన విద్యార్థి తెలుగులో కథ రాయడానికి కూర్చుంటే తరచు ఒక చిక్కు ఎదురవుతుంది. తల్లి కొడుకును అడిగే సందర్భం వస్తుంది. “యాడికి పోతా ఉండావురా?” అన్నది ఇంట్లో రోజూ వినే మాట. దాన్ని పక్కనపెట్టి “ఎక్కడికి వెళ్తున్నావు నాయనా?” అని రాస్తాడు. మొదటిది తప్పు, రెండవదే తెలుగు అని అతని నమ్మకం. సంభాషణ సహజంగా లేదని చదివినవారు అంటే మాత్రం కారణం బోధపడదు. ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది, మన రచయితలు దాన్ని ఎలా దాటారు అన్న విషయాలను ఇక్కడ స్థూలంగా పరిశీలిద్దాం.

పాత్రను బట్టి భాష మారాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం మాట్లాడితే స్త్రీపాత్రలు, పరిచారకులు సాధారణంగా ప్రాకృతం మాట్లాడతారు. అయితే అక్కడ భాషను నిర్ణయించేది పాత్ర స్థాయి మాత్రమే. వ్యక్తి స్వభావం కాదు. ఆధునిక తెలుగు వచనం ఆరంభంలో ఈ భేదం కూడా కనిపించదు. 1853లో వెలువడిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో కాకి, ఎలుక, లేడి అన్నీ ఒకే గ్రాంథికంలో మాట్లాడతాయి. నీతికథకు అది లోపం కాదు. కానీ 1878లో ప్రారంభమైన వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ మన ఇళ్లనూ మన మనుషులనూ చిత్రించిన నవల. అందులోనూ పాత్రల మాటలు గ్రాంథికంలోనే సాగడం వల్ల చూపిన జీవితానికీ వినిపించిన భాషకూ మధ్య ఎడం ఏర్పడింది. వ్యాకరణం ‘గ్రామ్యం’ అని పక్కనపెట్టిన భాషే నిజానికి అందరి నోటా ఉన్న భాష.

ఈ ఎడాన్ని పూడ్చినది ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని గురజాడ అప్పారావు ఎంతగానో పెంచి, మార్చి 1909లో రెండవ కూర్పుగా ప్రకటించారు. అగ్నిహోత్రావధాన్లు, మధురవాణి, రామప్పపంతులు, నౌకరు అసిరి ఎవరి భాష వారిది. గిరీశం మాటల్లో ఇంగ్లీషు దొర్లడం ప్రత్యేకించి గమనించదగినది. అది అలంకారం కాదు. ఎదుటివాణ్ణి అబ్బురపరచి తన పని సాధించుకొనే ఉపాయం. పాత్ర ఎందుకు మాట్లాడుతున్నదో తెలిస్తే ఏ భాషలో మాట్లాడుతుందో తేలుతుందన్న పాఠం ఇందులో ఉంది. 1910లో వచ్చిన ‘దిద్దుబాటు’ కథలో గురజాడ వ్యావహారికాన్ని కథలోకీ తెచ్చారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన అసమ్మతి పత్రం ఈ విషయం మీదనే. ఆ ఉద్యమానికి నాయకుడైన గిడుగు రామమూర్తి సవరల మధ్య కూర్చొని వారి భాష నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసినవారన్నది యాదృచ్ఛికం కాదు. పుస్తకం లేని భాషను చెవితో పట్టుకోవడం ఆయనకు అలవాటైన పని.

తరువాతి తరంలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథాభారాన్ని చాలావరకు సంభాషణ మీదనే మోపారు. గోదావరి సీమ ఇళ్లలో స్త్రీలు మాట్లాడే తీరు ఆయన కథలకు ప్రాణం. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో విశాఖ ప్రాంతపు బీదల భాష వినిపిస్తుంది. ‘చిల్లర దేవుళ్లు’లో దాశరథి రంగాచార్య తెలంగాణ పలుకుబడిని నవలలోకి తెచ్చారు.

అయితే మరొక ప్రశ్న మిగిలింది. కథకుడు శిష్ట వ్యావహారికంలో చెబుతూ, నౌకరుకో రైతుకో మాత్రమే మాండలికం ఇస్తే, ఆ మాండలికం తక్కువతనానికి గుర్తుగా మారే ప్రమాదం ఉంది. సినిమాలు కొన్ని యాసలను హాస్యగాళ్లకూ దుష్టపాత్రలకూ కేటాయించినది ఇందుకు ఉదాహరణ. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ కథల్లో చిత్తూరు జిల్లా పల్లెభాషను పాత్రలకే కాక కథకుడికి కూడా ఇచ్చి ఈ అంతరాన్ని తొలగించారు. ఆ భాష సర్జాపుర తెలుగుకు దగ్గరి చుట్టం. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగుకు అదే గౌరవం కలిగించాయి.

ఈ చరిత్రనుంచి రాయదలచిన విద్యార్థులు గ్రహించవలసినవి మూడు. మొదటిది, ఉచ్చారణనంతా అక్షరాల్లో పెట్టాలని చూస్తే చదవడమే కష్టమవుతుంది. ‘ఉన్నాడు’కు బదులు ‘ఉండాడు’ వంటి క్రియారూపాలు, వాక్యపు తూగు, కొద్దిపాటి స్థానిక పదాలు చాలు. రెండవది, పిలుపులు. ‘అప్పా’, ‘అక్కా’, ‘ఏమే’ వంటి ఒక్క పిలుపు వయసును, చనువును, కోపాన్ని చెప్పగలదు. అక్కడ పొరపాటు జరిగితే మిగిలిన సంభాషణ ఎంత బాగున్నా నమ్మకం కలగదు. మూడవది, భాషలు మారే చోటు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఆఫీసులో కన్నడంలోకీ, హోసూరు సంతలో తమిళంలోకీ ఎందుకు మారుతాడో, ఏ మాట దగ్గర మళ్లీ తెలుగులోకి వస్తాడో గమనించాలి. గిరీశం ఇంగ్లీషుకు ఉన్నట్టే ఆ మార్పుకూ ఒక ప్రయోజనం ఉంటుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల రైతుల మాటలను సేకరించింది. మొరసునాటి పొలాల మాటలు ఆ పరిధికి ఆవల ఉండిపోయాయి. సర్జాపుర రోడ్డు పొడవునా పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతున్న ఈ రోజుల్లో, దుక్కికీ నాట్లకూ సంబంధించిన మాటలు పలికేవారు తగ్గిపోతున్నారు. పనితోపాటు మాట కూడా పోతుంది. కనుక ఇక్కడి విద్యార్థి తన అవ్వ మాటను కథలో ఉన్నదున్నట్టు రాస్తే అది కథకు మేలు చేయడమే కాదు, నమోదు కాని ఒక తెలుగును నమోదు చేయడం కూడా అవుతుంది. ఆ పనికి ముందుగా కావలసింది అవ్వ మాట తప్పు కాదని నమ్మడం. తరువాత ఆమె పక్కన కూర్చొని ఓపికగా వినడం.