భూసార పరీక్ష పత్రం అర్థం కావడం లేదా? ఇలా తిరగరాసుకోండి

భూసార పరీక్ష పత్రంలో 12 అంశాల అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అవి అర్థంకాక అలవాటు ప్రకారం డీఏపీ వేస్తే, భాస్వరం ఎక్కువగా ఉన్న నేలలో డబ్బు వృథా. అందుకే ఆ వివరాలను ఒక తెల్లకాగితంపై ఇలా రాసుకోండి.

1. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు గళ్లు గీసి, ప్రతి పోషకాన్ని దాని గడిలో రాయండి. హెక్టారుకు నత్రజని 280 కిలోల లోపుంటే తక్కువ, 280–560 మధ్యస్థం, 560 దాటితే ఎక్కువ. మిగతా వాటి హద్దులు వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

2. రంగులు వేసినా పక్కన మాట రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కొందరి కళ్లకు తెలియదు. జిరాక్స్‌లోనూ రంగు పోతుంది.

3. నేలలో ఉన్నది, మీరు వేయాల్సినది వేర్వేరుగా రాయండి. పరీక్షలో వచ్చిన అంకె ఎరువు మోతాదు కాదు.

4. సిఫారసు హెక్టారుకు ఉంటే 2.5తో భాగించి ఎకరాకు మార్చండి. మరిచిపోతే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది.

5. కిలోలను బస్తాల్లోకి మార్చండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోలు.

ఎరువుల దుకాణానికి వెళ్లేటప్పుడు ఈ కాగితం వెంట తీసుకెళ్లండి.