తిరగేసి చదివితే సాల్ సాగెవ్

లాస్ వేగాస్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది స్ట్రిప్. కాన్ఫరెన్సుకి వెళ్ళినా, లాంగ్ వీకెండ్‌కి వెళ్ళినా బెలాజియో ఫౌంటెన్ల ముందు ఫొటో తప్పనిసరి. కానీ అసలు ఊరు పుట్టింది అక్కడ కాదు, దానికి ఉత్తరాన ఉన్న డౌన్‌టౌన్‌లో. అక్కడ ఫ్రీమాంట్ స్ట్రీట్ మొదట్లోనే గోల్డెన్ గేట్ అని ఓ చిన్న హోటల్ ఉంది. 1906లో తెరిచారు. ఆ ఊళ్ళో ఇది మామూలు విషయం కాదు. 1993లో డ్యూన్స్‌నీ, 2024లో ట్రాపికానానీ బాణాసంచా కాల్చి మరీ కూల్చిన ఊరది!

కథ రైలుతో మొదలవుతుంది. 1905 మే 15న రైలు కంపెనీ ఆ ఎడారిలో స్థలాలు వేలం వేసింది. జాన్ మిల్లర్ అనే ఆయన స్టేషన్ ఎదురుగా ఉన్న మూల స్థలాన్ని 1,750 డాలర్లకి పాడుకుని, మరుసటి ఏడాది హోటల్ నెవాడా తెరిచాడు. గది అద్దె రోజుకి ఒక డాలరు. 1907లో ఊళ్ళోకి ఫోన్ వస్తే మొదటి కనెక్షన్ ఈ హోటల్‌కే. నంబరు ఎంతో తెలుసా? 1. అంతే, ఒకే ఒక్క అంకె.

ఇంతలో నెవాడా ప్రభుత్వం జూదాన్ని నిషేధిస్తూ 1909లో చట్టం చేసింది, 1910 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చింది. హోటల్ మూతపడలేదు. రైలు దిగినవాడికి పేకాట లేకపోయినా పడుకోడానికి మంచం కావాలి కదా! 1931 మార్చిలో అదే ప్రభుత్వం జూదాన్ని మళ్ళీ చట్టబద్ధం చేసింది. అవి మాంద్యం రోజులు, ఖజానాకి డబ్బు కావాలి. పక్కనే హూవర్ డ్యామ్ పని కోసం వేలమంది వచ్చిపడుతున్నారు. నిన్నటి నేరం ఇవాళ ఆదాయ మార్గమైపోయింది. ఆ రోజుల్లోనే హోటల్ పేరు సాల్ సాగెవ్ అయింది. ఏ భాషరా ఇది అనుకోకండి, లాస్ వేగాస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి చదవండి :)

1955లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి వచ్చిన కొందరు భాగస్వాములు ఆ భవనంలో గోల్డెన్ గేట్ కాసినో పెట్టారు. 1974లో హోటల్‌కీ అదే పేరు ఖాయమైంది. 1959 నుంచి వీళ్ళ ప్రత్యేకత యాభై సెంట్లకే గ్లాసు నిండా రొయ్యలు. దానధర్మం అనుకునేరు! అమెరికన్ రౌలెట్ చక్రం మీద 38 గళ్ళుంటాయి, గెలిస్తే ఇచ్చేది మాత్రం డాలరుకి 35. అంటే ఆడిన ప్రతి వంద డాలర్లకీ సగటున 5.26 ఇంటివాడివే. రొయ్యల మీద పోయింది చక్రం మీద వచ్చేస్తుందన్నమాట. పెరిగిన ధరతోనైనా ఆ రొయ్యలు 2017 దాకా నడిచాయి.

అదే 1955లో ఇంకో కాసినో కూడా తెరిచారు. అప్పట్లో వేగాస్ హోటళ్ళూ కాసినోలూ నల్లజాతివాళ్ళని అతిథులుగా రానిచ్చేవి కావు. వేదిక మీద పాడితే చప్పట్లు కొట్టేవాళ్ళు, పడుకోడానికి మాత్రం పట్టాలకి అవతల వెస్ట్‌సైడ్‌లో గది వెతుక్కోమనేవాళ్ళు. అలాంటి ఊళ్ళో అన్ని జాతులవాళ్ళకీ తలుపులు తెరిచిన మొదటి పెద్ద హోటల్ కాసినో మూలాన్ రూజ్. మే నెలలో తెరిచారు, అదే ఏడాది డబ్బు ఇబ్బందులతో మూసేశారు. 1960 మార్చిలో హక్కుల నాయకులూ, అధికారులూ, హోటళ్ళవాళ్ళూ కూర్చుని వివక్ష ఎత్తేయడానికి ఒప్పుకున్నది మూతపడ్డ ఆ భవనంలోనే. 2003లో అందులో చాలాభాగం కాలిపోయింది.

వందేళ్ళు దాటిన హోటల్‌ని మెచ్చుకోవాల్సిందే. కానీ నిలబడింది కాబట్టి అదే గొప్పదనేస్తే ఎలా? ప్రొడక్షన్‌లో ఇరవయ్యేళ్ళుగా నడుస్తున్న కోడ్ అంతా బాగా రాసిన కోడేనా, చెప్పండి! గోల్డెన్ గేట్‌కి మంచి మూల స్థలం దొరికింది, చట్టం ఎటు తిరిగితే అటు తిరిగింది, నిలిచింది. మూలాన్ రూజ్ ఊరి రివాజుకి ఎదురు తిరిగింది, ఆర్నెల్లు కూడా సరిగా నడవలేదు. అయినా ఇవాళ మనలాంటి రంగువాళ్ళు ఏ కాసినోలోకైనా దర్జాగా నడిచి వెళ్తున్నామంటే, ఆ దారి వేసినవాటిలో ఆ ఆర్నెల్ల హోటల్ కూడా ఒకటి.