ఇరుసుకు కందెన

మా తొగుటలో, నా చిన్నతనంలో, బాపు ఎక్కడికైనా బండి కట్టాలంటే ముందుగా చేసే పని ఒకటుండేది. బండికి వేలాడే వెదురు గొట్టంలోంచి పుల్లతో నల్లటి కందెన తీసి ఇరుసుకు పూసేవాడు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన. నాయనమ్మ ఆముదం వండిన రోజున ఇరుసుకో వంతు, దీపానికో వంతు, మా నెత్తులకో వంతు. నెత్తికి రాసే వంతు ఇరుసుకే పోతే బాగుండునని నేను దేవుణ్ణి మొక్కుకునేదాన్ని!

మొన్న బతుకమ్మ పండక్కి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి కారులో తొగుట బయలుదేరాడు. వాడిది పందెపు గుర్రంలాంటి కారు. బయలుదేరే ముందు ఇంజన్ ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే లోపల తెల్లగా మీగడ! నాకు ఫోను చేశాడు. "అత్తమ్మా, నా ఇంజను పోయిందే!" అని ఏడుపొక్కటే తక్కువ. దుకాణంలో అడిగితే "ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నరు, చిక్కటి నూనె పోయించు" అన్నారట.

నాకు కార్ల సంగతి ఏం తెలుసు చెప్పండి? కానీ ఇథనాల్ అంటే శుద్ధి చేసిన సారాయే కదా, దానికీ నూనెకూ పొత్తు ఎక్కడ మొదలైందా అని వెతికితే, కథ తిరిగి తిరిగి మా నాయనమ్మ ఆముదం దగ్గరికే వచ్చింది.

ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే వ్యాపారి 1909లో మోటారు నూనెకు ఆముదం కలిపి "క్యాస్ట్రాల్" అని పేరు పెట్టాడు. ఆముదాన్ని ఇంగ్లీషులో "క్యాస్టర్" అంటారు, ఆ పేరు అందులోంచే పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో కొన్ని విమానాలకు ఇంజను మొత్తం గిర్రున తిరిగేది. పెట్రోలూ నూనే ఒకే గదిలోంచి పోవాలి. మామూలు ఖనిజ నూనె పెట్రోల్లో కరిగి పలచబడేది, ఆముదం మాత్రం అంత సులువుగా కరగదు. అందుకని ఆముదమే పోసేవారు. ఆ పొగ పీల్చిన పైలట్ల కడుపుల గతి, చిన్నప్పుడు ఆముదం తాగినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అమెరికా 1918లో మన దేశపు విత్తనాలు తెప్పించి ఫ్లోరిడాలో ఆముదం సాగు చేయిస్తే బూజు తెగులు తినేసింది.

ఇక్కడే అసలు చమత్కారం. పెట్రోలుతో కలవనన్న ఆముదం, సారాతో పాలూ నీళ్ళలా కలిసిపోతుంది. ఖనిజ నూనెది సరిగ్గా ఎదురు గుణం. అందుకే ఆల్కహాలుతో నడిచే పందెపు మోటారు సైకిళ్ళవాళ్ళు ఎన్నో ఏళ్ళు ఆముదాన్నే నమ్ముకున్నారు. అంటే, ఏ నూనె మంచిదన్న ప్రశ్నే సరైంది కాదన్నమాట. ఏ ఇంధనానికి ఏ నూనె అన్నదే ప్రశ్న. సంబంధం చూసినట్టే. పిల్లా మంచిదే, పిల్లాడూ మంచివాడే, జోడీ కుదరాలి కదా!

మరి ఆముదం ఎందుకు పోయింది? వేడికి అది జిగురులా అతుక్కుపోతుంది. నాయనమ్మ దీపపు కుందెకు అంటిన ఆముదం తోమి తోమి మా చేతులు పడిపోయేవి, గుర్తుందా? ఇంజనుకూ అదే బాధ. తరువాత వచ్చిన నూనెలు ఆ జిగురు లేకుండా ఆ పని చేశాయి.

ఇక ఇంధనం వైపు చూద్దాం. పెట్రోల్లో ఆల్కహాలు కలపడం కొత్త కాదు. మన దేశంలో 1948లోనే దానికి చట్టం చేశారు. చెరకు పండే బ్రెజిల్ 1975లో పెద్ద పథకం పెట్టి, 1979లో పూర్తిగా ఇథనాల్‌తో నడిచే కారును రోడ్డెక్కించింది. అమెరికాలో ఇండియానాపొలిస్ పందెపు కార్లు 2007లో ఇథనాల్‌కు మారాయి. మన దగ్గర 2003లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి తొమ్మిది రాష్ట్రాలలో 5 శాతంతో మొదలై, 2022లో 10 శాతం, 2025లో 20 శాతం అయింది. చెరకే కాదు, బియ్యం, మక్కలు కూడా అందుకు పోతున్నాయి. మా సిద్దిపేట పక్క చేలో కంకులు చూస్తే ఇప్పుడు నాకు కార్లు గుర్తొస్తున్నాయి!

వేగం కోరేవాళ్ళకు ఇథనాల్ ముద్దు. ఆవిరవుతూ లోపల చల్లబరుస్తుంది, ఎక్కువ ఒత్తిడిలోనూ అదుపు తప్పి ముందే మండదు. కానీ లీటరుకు లీటరు తూస్తే పెట్రోలులో మూడింట రెండు వంతుల శక్తే ఉంటుంది. శాతం పెరిగేకొద్దీ ఎక్కువ పోయాలి. చల్లటి ఇంజనులో అది కొంత నూనెలోకి జారుతుంది, నీళ్ళనూ వెంటబెట్టుకొస్తుంది, పులుపూ చేరుతుంది. ఇథనాల్ 78 డిగ్రీల వేడికి ఆవిరైపోతుంది గానీ, ఇంజను అంత వేడెక్కాలిగా! మావాడి ఆఫీసు ఇంటికి 3 కిలోమీటర్లు. పందెపు గుర్రాన్ని కొని గుడి చుట్టూ ప్రదక్షిణలు చేయిస్తున్నాడు పాపం! మీగడ కాక ఇంకేం కడుతుంది?

అయినా అశ్రద్ధ కూడదు. ఇంజనును చల్లబరిచే నీళ్ళు నూనెలోకి కారినా ఇలాగే తెల్లబడుతుంది. అందుకని ముందు మెకానిక్ చేత అది చూపించమన్నాను. కారడం లేదని తేలింది. అప్పుడే బయలుదేరాడు. వంద కిలోమీటర్లు పైగా నడిచి ఇంజను బాగా కాగాక, తొగుట వాకిట్లో మూత విప్పితే మీగడ చాలావరకు విరిగిపోయింది. వాడి ముఖంలో పండగ అప్పుడొచ్చింది.

తిరిగి వెళ్ళాక నూనె మార్పించాడు. చిక్కటిది కాదు, కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన అంకెలదే. చిక్కటిదైతే చల్లటి ఇంజనులో మూలమూలకూ త్వరగా పారదు. సింథటిక్ రకం, పులుపును విరిచే గుణం బాగా ఉన్నది తీసుకున్నాడు. కిలోమీటర్లు నిండకపోయినా గడువుకు మార్చడం, వారానికోసారి దూరం నడపడం నియమం పెట్టుకున్నాడు.

"మరి నాయనమ్మ ఆముదం పోద్దామా?" అని నవ్వాడు వెళ్తూ వెళ్తూ.

"వద్దురా, ఇప్పటి నూనెతో దానికి పడదు" అన్నాను. "కానీ బండి కట్టేముందు ఇరుసు చూసుకునే బుద్ధి ఉంది చూడు, అది మాత్రం మీ తాత దగ్గర నేర్చుకో."