బహుమతి యాత్రలు: మూసారాంబాగ్ నుంచి అండమాన్ దాకా

ఉద్యోగికి గానీ, ఏజెంటుకు గానీ, డీలరుకు గానీ జీతంపైనా కమిషన్‌పైనా అదనంగా ఒక ప్రయాణాన్ని ఇచ్చి, దాన్ని జట్టుగా చేయించడాన్ని పర్యాటక వ్యాపారంలో ఇన్సెంటివ్ టూర్ అంటారు. దీని పుట్టుక గురించి ఒకే కథ చెలామణిలో ఉంది. 1906లో అమెరికాలోని డేటన్ పట్టణంలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ తన అమ్మకందార్లలో 70 మందిని ప్రధాన కార్యాలయానికి రప్పించి సత్కరించిందని, ఆ పద్ధతి దేశదేశాలకూ పాకి 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత మన కంపెనీలకు అబ్బిందని చెబుతారు. డీలర్లను బ్యాంకాక్ తీసుకెళ్లే సంస్థల వరకు ఈ కథ సరిపోతుంది. హైదరాబాద్‌లోని మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ కాలనీల జీతగాళ్ల కుటుంబాలు కశ్మీర్‌కూ, అస్సాంకూ, చివరికి సముద్రం దాటి అండమాన్ దీవులకూ వెళ్లడం ఎలా అలవాటు చేసుకున్నాయో మాత్రం ఈ కథలో దొరకదు.

జట్టుగా కదలడం తెలుగువారికి పాత సంగతే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న దాదాపు వంద మంది పరివారంతో బయలుదేరి, హైదరాబాద్ మీదుగా కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మూసారాంబాగ్ పేరు కూడా దూరదేశం నుంచి వచ్చిన మనిషిదే. నిజాం సైన్యాన్ని నడిపిన ఫ్రెంచివాడు రేమాండ్ 1798లో మరణిస్తే ఆస్మాన్‌గఢ్ గుట్టపై సమాధి కట్టారు. స్థానికుల నోట ఆయన మూసారాం అయ్యాడు. ఏటా ఆయన వర్ధంతికి జనం గుట్టెక్కి ఉర్సు జరిపేవారు. 1874లో సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. తర్వాతి కాలంలో రైల్వే ఉద్యోగులకు దొరికిన ఉచిత పాసులు ప్రయాణాన్ని జీతంలో భాగం చేశాయి. అయితే పాసు రైల్వే ఇళ్ల గడప దాటలేదు.

అసలు మలుపు 1956 ద్వితీయార్ధంలో వచ్చింది. సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. అక్టోబరు 11న కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ (ఎల్‌టీసీ) ప్రకటించింది. నవంబరు 1న హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అయింది. మొదటి, మూడో సంఘటనల గురించి పుస్తకాలే వచ్చాయి. రెండోది సర్వీసు నిబంధనల సంకలనాల్లో ఒక పేరాగా మిగిలిపోయింది. తెలుగు మధ్యతరగతి ప్రయాణపు అలవాట్లపై ఎక్కువ ముద్ర వేసింది మాత్రం ఆ పేరానే.

ఆ నియమంలో ఒక మెలిక ఉండేది. మొదట రెండేళ్లకోసారి సొంతూరికి వెళ్లి రావడానికే సాయం. 1970లలో, నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్లే వీలు చేరింది. కానీ తొలి 400 కిలోమీటర్ల ఛార్జీ ఉద్యోగే పెట్టుకోవాల్సి వచ్చేది, కింది తరగతి ఉద్యోగులైతే 160 కిలోమీటర్లు. ఆపై దూరానికే సర్కారు సొమ్ము వచ్చేది. అంటే హైదరాబాద్‌లోని గుమాస్తా శ్రీశైలం వెళ్లొస్తే పైసా వచ్చేది కాదు. కన్యాకుమారికో శ్రీనగర్‌కో వెళ్తే ఛార్జీలో ఎక్కువ భాగం చేతికొచ్చేది. పొదుపు కోసం పెట్టిన షరతు దూరప్రయాణానికి బహుమతిగా మారింది. తెలియని చోటికి వెళ్దామన్న కోరిక ఆ ఇళ్లలో ముందునుంచే ఉండి ఉండవచ్చు. దానికి లెక్క కుదిర్చింది ఈ షరతు.

హైదరాబాద్ తూర్పు వైపు ఈ లెక్క మరింత బలంగా పనిచేయడానికి కారణం ఉంది. ఉప్పల్‌లో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కంచన్‌బాగ్‌లో 1963లో రక్షణ లోహ పరిశోధనశాల, 1973లో మిశ్ర ధాతు నిగమ్ వచ్చాయి. ఈ రెండు కొసల మధ్య మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీలు పెరిగాయి. ఒకే ఆఫీసు మనుషులు ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నారు. "ఈసారి బ్లాక్ పోతుంది" అన్న మాట ఒక ఇంట్లో వినిపిస్తే పక్కింట్లోనూ పెట్టెలు సర్దేవారు. ప్రైవేటు బస్సు బిల్లును ఎల్‌టీసీ ఒప్పుకోదు. రైలు టికెట్టుకో, ప్రభుత్వ రవాణా, పర్యాటక సంస్థలు నడిపే బస్సుకో, టూరుకో సొమ్ము దక్కేది. 1976లో మొదలైన ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థకు కూడా ఈ నిబంధన కలిసివచ్చింది. వంటమనిషిని వెంటబెట్టుకుని, నాలుగైదు కుటుంబాలు కలిసి, లెక్కలు ఒకరే రాసే పద్ధతి పాత కాశీయాత్రల నుంచి ఈ టూర్లకు నేరుగా దిగింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ఎల్‌టీసీ హక్కు, అమ్మకాల లక్ష్యం చేరినందుకు ఇచ్చే బహుమతి కాదు. కాబట్టి ఇన్సెంటివ్ టూర్ చరిత్రలో దాన్ని కలపరాదని వాదించవచ్చు. కానీ బ్లాకు గడువులోగా వాడుకోకపోతే హక్కు రద్దయ్యే ఏర్పాటు లక్ష్యంలాగే పనిచేసింది. పైగా విత్తనాలు, ఎరువులు, సిమెంటు కంపెనీలు డీలర్ టూర్లు మొదలుపెట్టేసరికి జట్టుకొక మేనేజరు, తెలుగు భోజనం, కుటుంబంతో రావడం అన్నీ అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. కంపెనీలు కొత్తగా తెచ్చినవి పాస్‌పోర్టు, స్టార్ హోటలు.

దీవుల దారి తెరిచిందీ సర్కారే. 2008లో ఈశాన్య రాష్ట్రాలకు, 2010లో జమ్మూ కశ్మీర్‌కు ఎల్‌టీసీపై విమాన ప్రయాణాన్ని సడలించారు. 2014 నాటి ఉత్తర్వులో అండమాన్ నికోబార్ కూడా చేరింది. ఎయిరిండియా 'ఎల్‌టీసీ-80' ఛార్జీ ఆఫీసుల్లో అందరి నోటా నలిగింది. అంతకుముందు విశాఖ నుంచి ఓడలో రోజుల తరబడి వెళ్లాల్సిన చోటికి గంటల్లో చేరే వీలు గుమాస్తాకూ దొరికింది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారే. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లినవారు ఎక్కువ. అమెరికా కంపెనీలకు కరీబియన్ దీవులు ఎలాగో, హైదరాబాద్ జట్లకు అండమాన్ అలాగైంది. స్వరాజ్ ద్వీప్‌లో సముద్రం అడుగుకు దిగడం, బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడటం ప్యాకేజీల్లో చేరాయి.

ఈ ఫలితమంతా మెచ్చదగినది కాదు. విమాన టికెట్ల ధరలు పెంచి చూపి ఎల్‌టీసీ సొమ్ము కాజేసిన వ్యవహారంపై 2013 నుంచి సీబీఐ కేసులు నమోదయ్యాయి. 2020 అక్టోబరులో కేంద్రం ప్రయాణానికి బదులు వస్తువులు కొనుక్కునే నగదు పథకం పెట్టింది. కరోనా కాలపు ఇబ్బంది అర్థమయ్యేదే. అయినా యాత్రను టీవీ, ఫ్రిజ్‌లతో మార్చుకోవచ్చని సర్కారే చెప్పడం ఆ హక్కు ఉద్దేశాన్ని చులకన చేసింది. కంపెనీల వైపు పరిస్థితి ఇంకా బరువైనది. ఎత్తిన సరుకును బట్టి డీలరుకు టూరు దక్కినప్పుడు, ఆ సరుకు చివరికి అప్పుపై కొనే పత్తి రైతు ఇంటికే చేరుతుంది. వైద్యులు మందుల కంపెనీల ఖర్చుతో ప్రయాణించరాదని 2009లోనే నియమం వచ్చింది. పురుగుమందుల దుకాణానికి అలాంటి కట్టడి అవసరం లేదనడం సమంజసం కాదు.

బారాటాంగ్ దారి జరావా తెగవారి రక్షిత ప్రాంతం గుండా వెళ్తుంది. తిండి ఆశచూపి జరావా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా తలదించుకుంది. ఆ దారిని 'ఆదివాసులను చూసే అవకాశం'గా ఊరించే టూరు నిర్వాహకులు ఆ మాట మానుకోవాలి.

అన్నింటికన్నా తీవ్రమైనది ప్రాణభద్రత. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ సమీపంలో పరిమితికి మించి ఎక్కించిన పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తమిళనాడు నుంచి జట్టుగా వచ్చినవారు. అదే ఏడాది జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో, ఎగువ డ్యామ్ నుంచి వదిలిన నీటికి హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వారి వెంట వెళ్లిన టూరు నిర్వాహకుడు కొట్టుకుపోయారు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో మునిగిన పడవలో ఒంగోలు నుంచి కలిసి వచ్చిన మిత్రబృందం ఉంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పాపికొండల పడవ మునిగి యాభై మంది దాకా చనిపోయారు. జట్టులో ఉన్నామన్న ధైర్యం, నిర్వాహకుడు చూసుకుంటాడన్న నమ్మకం కలిసి ఎవరూ ఏదీ అడగని పరిస్థితి తెస్తాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో అడ్వాన్సు కట్టే ప్రతి జట్టూ హోటలు పేరు, భోజనం వివరాల కంటే ముందు పడవ లైసెన్సులో రాసిన ప్రయాణికుల సంఖ్య, లైఫ్ జాకెట్ల సంఖ్య, ఆ వారపు వాతావరణ హెచ్చరిక అడిగి తెలుసుకోవాలి.