దూరంనుంచి అడిగే పద్ధతులూ, మన హోసూరు తెలుగూ

2020 మార్చిలో కరోనా వచ్చి ఊళ్లు మూతపడినప్పుడు లోకమంతా పరిశోధకులకు ఒకే ఇక్కట్టు. ఊర్లోకి పొయ్యి మనుషుల్ని అడిగే దారి లేదు, పనేమో ఆపేది కాదు. సిడ్నీలో సమాజశాస్త్రవేత్త డెబొరా లప్టన్ ఒక గూగుల్ డాక్ తెరిచినారు. ముఖాముఖి కాకుండా పని చేసే దారులేమి, వాటికి ఏమేమి చదవాల అని తోటి పరిశోధకులను రాయమన్నారు. తెలిసినోళ్లు తెలిసింది చేరుస్తా పోయినారు.

హోసూరు, కృష్ణగిరి తెలుగు మీద ఫోన్లోనే పని చెయ్యాలనుకునే మన పిల్లోళ్లకూ ఇదే ప్రశ్న: ముందు ఏం చదవాల? క్రిస్టీన్ హైన్ 2000లో రాసిన ‘వర్చువల్ ఎథ్నోగ్రఫీ’, కోజినెట్స్ ‘నెట్నోగ్రఫీ’, ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం 2002 నుంచి మూడుసార్లు తెచ్చిన నీతి సూత్రాలు, ఇవన్నీ చదవాల్సినవే. అయితే వాటికంటే ముందు పాత సర్వేల కత చదివితే మనకు మేలు. దూరంనుంచి అడగడం ఇంటర్నెట్టుతో పుట్టింది కాదు.

1876లో జర్మనీలో గేయోర్గ్ వెంకర్ కొన్ని వాక్యాలు అచ్చువేసి బడి అయ్యవార్లకు టపాలో పంపినాడు, మీ ఊరి యాసలో రాసి పంపండి అని. ఇప్పటి గూగుల్ ఫారానికి అదే తాత. జవాబులు వేలల్లో వచ్చినాయి. చిక్కేమంటే ఒక్కొక్క అయ్యవారు ఒక్కొక్క తీరుగా రాసినాడు. పలుకు ఒకటైతే రాత ఇంకొకటి. ఫ్రాన్సులో ఎడ్మండ్ ఎడ్మాంట్ దీనికి ఎదురుదారి పట్టి, 639 చోట్లకు తానే పొయ్యి చెవితో విని రాసుకున్నాడు.

మన దేశంలో గ్రియర్సన్ భాషా సర్వే 1894లో మొదలైంది. అదీ దూరంనుంచే. జిల్లా అధికారులకు ఫారాలు పంపినారు: తప్పిపోయిన కొడుకు కత ఒకటి, 241 మాటలూ వాక్యాలూ ఉండే పట్టిక ఒకటి, ఆ ఊరి మాటల్లో ఇంకొక ముక్క. అయితే మద్రాసు రాజధాని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు ఆ సర్వేలో చేరలేదు. హోసూరు అప్పుడు సేలం జిల్లా, అంటే మద్రాసు. 1906లో వచ్చిన నాలుగో సంపుటంలో తెలుగు ఉంది, కామాఠీ, వడరి, దాసరి యాసల ముచ్చటా ఉంది. తెలుగు ఎక్కువగా మాట్లాడే సీమలే సర్వే బయట ఉండిపోయినాయి. వాటిలో మనదీ ఒకటి.

రెండోసారి 1962లో. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ‘మాండలిక వృత్తిపదకోశం’ మొదటి సంపుటం, వ్యవసాయం మీద, తెచ్చింది. ఇది చాలా గొప్ప పని. పల్లెలకు పొయ్యి, సేద్యగాళ్లను అడిగి, మడక పేర్లూ మడి పేర్లూ విని రాసుకున్నారు. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల పని. 1956 నాటి ఎల్లకు ఇవతల ఉన్న మనం లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు మూడో సర్వే మన చేతుల్లో ఉంది. తెలుగు లిపిలో ఒక ఫారం చేసి వాట్సాప్‌లో తిప్పితే ఎవరు నింపుతారు? 2006లో తమిళనాడు తమిళ అభ్యాస చట్టం వచ్చినాక ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడినా తెలుగు చదవరాని పిల్లోళ్లు మనలో ఎంతమందో. వాళ్ల అవ్వలు అసలు బడికే పోనోళ్లు. ఫారం వాళ్లిద్దరినీ వదిలేస్తుంది. మిగిలేది తెలుగు బాగా చదువుకున్నోళ్ల మాట, అది మన ఊరి మాట కాదు.

తమిళ లిపిలో రాయమంటే ఇంకో తంటా. అందులో క, గ లకు ఒకటే అక్షరం. ‘కూడు’, ‘గూడు’ ఒకే మాదిరి కనిపిస్తాయి. మన గురుబరపల్లి పేరే చూడండి. తమిళ బోర్డు చదివి ఒకరు కురుబరపల్లి అంటారు, ఇంకొకరు గురుబరపల్లి అంటారు. ఇంటర్నెట్లో ఒక పేరుతోనే వెతికితే రెండో పేరుతో ఉండేది తప్పిపోవచ్చు. ఊరిపేర్లు వెతికేటోళ్లు రెండు తీర్లా వెతకాల్సిందే.

అందుకని మనకు కావలసింది గొంతు. 2016లో వచ్చిన ‘ఇంగ్లిష్ డయలెక్ట్స్ యాప్’లో జనం తోడేలు వచ్చిందని అబద్ధమాడిన గొర్రెల కాపరి పిల్లోడి కతను ఫోన్లో చదివి పంపినారు. మనకు చదవడం కూడా అక్కరలేదు. ‘నాయినా పులి’ కత తెలియని అవ్వ లేదు. మనవడు ఫోను పట్టుకుంటే చాలు, అవ్వ తన తీరున చెబుతుంది. మడిగట్టును మీ ఊర్లో ఏమంటారు, పొద్దుగూకేటప్పుడు ఏమంటారు అని రెండు ప్రశ్నలు అడిగితే ఇంకా మంచిది.

ఊరిపేరు, వయసు, ఇంట్లో ఇంకేమేమి భాషలు మాట్లాడతారో, రికార్డు చేసిన తేదీ, ఇవి తప్పక రాసి పెట్టండి. అవ్వ పేరు మాత్రం బయట పెట్టొద్దు. ఆ గొంతు ఎవరు వింటారో చెప్పి, ఆమె సరే అన్నాకనే రికార్డు చెయ్యండి. రెండు సర్వేలు మనల్ని వదిలేసింది ఎల్లల వల్ల. మూడోది లిపి వల్ల వదిలేస్తే ఆ తప్పు మనదే.