ధూళి తుపానులు: చలనచిత్రము పలికిన సాక్ష్యము

1934వ సంవత్సరము మే నెలలో న్యూయార్కు నగరముపై పట్టపగలే మసక కమ్మినది. ఆకాశములో మేఘములు లేవు, పొగమంచు లేదు. కమ్మినది దుమ్ము. తీరమునకు సుమారు 300 మైళ్ళ దూరములో అట్లాంటిక్ సముద్రముపై పోవుచున్న ఓడల మీద సైతము అది పొరగా పేరుకొన్నది. వెయ్యి మైళ్ళకు పైగా ప్రయాణము చేసి వచ్చిన ఆ దుమ్ము ఒకప్పుడు రైతుల పొలములలోని పైమట్టి.

సరిగా రెండేండ్లకు, 1936 మే నెలలో, ఆ మట్టి కథను చెప్పు చలనచిత్రమొకటి వాషింగ్టను నగరములో ప్రదర్శింపబడినది. దాని పేరు ‘ది ప్లౌ దట్ బ్రోక్ ది ప్లెయిన్స్’, అనగా మైదానములను చీల్చిన నాగలి. నిడివి అరగంటకు తక్కువే. ప్రకృతికి మానవుడు చేయు హానిని గురించి, ప్రకృతి వైపరీత్యములను గురించి చలనచిత్రము ఏమి నేర్పగలదు, ఏమి నేర్పలేదు అను ప్రశ్నకు ఈ చిత్రము చరిత్ర మంచి ఉదాహరణము.

గడ్డినేల గోధుమనేల అయిన విధము

ఉత్తర అమెరికాలో రాకీ పర్వతములకు తూర్పున, కెనడా నుండి టెక్సాసు వరకు విశాలమైన మైదానములున్నవి. వీటి పడమటి భాగములో సాలీనా వర్షపాతము సాధారణముగా 20 అంగుళములకు మించదు. గాలి మాత్రము ఎడతెగక వీచును. అట్టి నేలను వేల సంవత్సరములుగా కాపాడినది గడ్డి. పైకి జానెడు ఎత్తే కనిపించినను, దాని వేళ్ళు లోతుగా దిగి వలవలె అల్లుకొని మట్టిని పట్టి ఉంచును. వాన కురియని ఏడు గడ్డి ఎండిపోవును గాని, వేరు నేలను విడువదు.

ఆ గడ్డిపై మందలు మందలుగా తిరిగిన అడవి దున్నలను 19వ శతాబ్దము చివరినాటికి వేటగాండ్రు దాదాపు నిర్మూలించినారు. వాటిపై ఆధారపడి జీవించిన ఆదివాసి జాతులను ప్రభుత్వము వెడలగొట్టినది. తరువాత పశువుల మందలు వచ్చినవి. వాటి వెనుక రైలు, రైలు వెనుక సేద్యగాండ్రు వచ్చినారు. 1862 నాటి చట్టము ప్రకారము ఒక్కొక్క కుటుంబమునకు 160 ఎకరముల భూమి లభించినది. వాన చాలినంతగా కురియు ప్రాంతములో అది పెద్ద కమతమే. ఈ మెట్టనేలలో మాత్రము బ్రదుకు గడచుటకు చాలలేదు. చాలనప్పుడు రైతు చేయగలిగినది ఉన్న నేలనంతటిని దున్నుటయే.

మొదటి ప్రపంచయుద్ధ కాలములో గోధుమ ధర బుషెలుకు రెండు డాలర్లు దాటినది. యుద్ధము ముగిసిన పిమ్మట ట్రాక్టరు, డిస్కు నాగలి వచ్చినవి. లక్షల ఎకరముల గడ్డి తిరుగబడినది. 1931లో పంట విరివిగా పండినది గాని ధర కూలిపోయినది. వెంటనే అనావృష్టి మొదలైనది. దిగుబడి లేక, అప్పు తీరక రైతులు విడిచిపోయిన బోడి పొలములపై గాలికి అడ్డు లేకపోయినది. 1935 ఏప్రిల్ 14వ తేదీ ఆదివారమునాడు లేచిన తుపానులో మధ్యాహ్నమే చీకటి పడినది. ప్రజలు దానికి ‘నల్ల ఆదివారము’ అని పేరు పెట్టినారు. ఆ మరునాడు ఒక పత్రికా విలేఖరి వాడిన ‘డస్ట్ బౌల్’, అనగా దుమ్ముగిన్నె అను మాట ఆ ప్రాంతమునకు స్థిరపడినది. ఊపిరితిత్తులలో దుమ్ము చేరి పసిపిల్లలు, వృద్ధులు మరణించినారు. ఆ దశాబ్దములో మైదాన రాష్ట్రముల నుండి వలస పోయినవారి సంఖ్య సుమారు 25 లక్షలు.

చిత్రనిర్మాణము

అప్పటి అమెరికా ప్రభుత్వము, చితికిపోయిన రైతులకు సహాయము చేయుటకై 1935లో పునరావాస సంస్థను నెలకొల్పినది. దాని అధిపతి రెక్స్‌ఫర్డ్ టగ్వెల్. నష్టపోయిన భూముల సంగతి దేశమంతటికి తెలియజేయవలెనని ఆయన తలచినారు. చిత్రము తీయుటకు పేర్ లోరెంట్జ్‌ను నియమించినారు. లోరెంట్జ్ చలనచిత్ర విమర్శకుడే గాని, అంతకు మునుపు ఒక్క చిత్రమైనను తీసినవాడు కాడు. ప్రభుత్వము మొదట కేటాయించిన సొమ్ము 6,000 డాలర్లు. తుదకు ఖర్చు దాదాపు 20,000 డాలర్లు అయినది.

పాత దృశ్యముల ఫిలిము కావలసివచ్చినప్పుడు హాలీవుడ్ సంస్థలు ఈయనకు సహకరింపలేదు. ప్రభుత్వము తమకు పోటీగా వచ్చునేమో అని వాటి భయము. చిత్రము పూర్తి అయిన తరువాత పెద్ద పంపిణీదారులు దానిని తీసికొనలేదు. అయినను స్వతంత్రముగా నడచు సినిమాహాళ్ళు, పాఠశాలలు, సంఘములు దానిని ప్రదర్శించినవి. వర్జిల్ థామ్సన్ సమకూర్చిన సంగీతము కూడ ప్రసిద్ధి పొందినది.

కాలమును కుదించు కన్ను

చిత్రము పటముతో ఆరంభమగును. పిమ్మట గాలికి అలలవలె ఊగు గడ్డి, మందలు, బండ్లు, మొదటి నాగటిచాలు వరుసగా వచ్చును. యుద్ధకాలపు ఘట్టములో పొలములో సాగు ట్రాక్టర్లను, రణరంగములో సాగు టాంకులను ఒకదాని వెంట ఒకటి చూపినారు. ధర ఉన్నంతకాలము గోధుమ ధారలుగా కురియును. తరువాత నెఱ్ఱెలు వారిన నేల, ఇసుకలో సగము పూడిన వ్యవసాయపు పరికరములు, గడప దాటి వచ్చిన దుమ్ము, చివరకు సామాను కట్టుకొని పడమటికి పోవు కుటుంబములు కనిపించును.

ఈ వరుసలోనే చలనచిత్రము శక్తి ఉన్నది. నేల పాడగుట ఒక్కనాడు జరుగు పని కాదు. అంగుళము మందము పైమట్టి ఏర్పడుటకు కొన్ని వందల ఏండ్లు పట్టును. అది పోవుటకు కొన్ని ఋతువులు చాలును. దున్నినవాడు ఈ ఏటి పంటనే చూచును. అతని కుమారుడు మరొక ఏటి ధరను చూచును. కారణమునకు, ఫలితమునకు నడుమ యాభై ఏండ్లున్నచో, ఏ ఒక్కని కంటికిని రెండును కలసి కనిపింపవు. చలనచిత్రము ఆ యాభై ఏండ్లను అరగంటలోనికి కుదించి, తెగిన గొలుసును అతుకగలదు. భూకంపము, ఉప్పెన వంటివి తమంతట తామే కంటబడును. నెమ్మదిగా వచ్చు ఆపదలను చూచుటకే ఇట్టి సాధనము ఎక్కువ అవసరము.

తెరపై కనిపింపనివి

అయినను తెరపై ఉన్నదంతయు పూర్తి సత్యము కాదు. మొదటి లోపము కెమెరా స్వభావములోనిది. కెమెరాకు కనిపించునది ఆకాశమున లేచిన మేఘము. ఆ మేఘములోనిది మిల్లీమీటరులో పదవ వంతుకంటె సన్నని ధూళి. కాని గాలి తరలించు మట్టిలో సగమునకు పైగా నేలకు ఒక అడుగు ఎత్తులోపలనే సాగును. మిల్లీమీటరులో పదవ వంతు నుండి సగము వరకు ఉన్న రేణువులు కప్పలవలె గెంతుచు పోవును. ఒక్కొక్క గెంతు క్రింద ఉన్న మట్టిని కొట్టి, సన్నని ధూళిని పైకి లేపును. ఆర్. ఏ. బాగ్నాల్డ్ 1941లో ప్రచురించిన గ్రంథములో ఈ గెంతులను వివరించినారు. కనుక చికిత్స ఆకాశములో లేదు, నేలమీదనే ఉన్నది. కోత తరువాత కొయ్యకాళ్ళను పొలములో విడుచుట, గాలికి అడ్డముగా చాళ్ళు తోలుట, చెట్ల వరుసలు పెంచుట అన్నియు ఈ గెంతులను ఆపుటకే. అనంతపురము జిల్లాలోని కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో హగరి నది ఇసుక పొలములపైకి ప్రాకుటకు కారణమైన సూత్రము కూడ ఇదియే.

రెండవ లోపము కారణ నిర్ణయములో ఉన్నది. చిత్రము పేరే నాగలిని దోషిగా నిలుపుచున్నది. నాగలి వలన నేల బోడి అయినమాట నిజము. కాని వాన ఏల కురియలేదు? 2004లో ప్రచురితమైన నాసా శాస్త్రజ్ఞుల పరిశోధన ప్రకారము, ఆనాడు పసిఫిక్ మహాసముద్రపు ఉష్ణమండల జలములు మామూలుకంటె కొంచెము చల్లగాను, అట్లాంటిక్ జలములు కొంచెము వెచ్చగాను ఉండుటయే ఆ కరవునకు ముఖ్య హేతువు. గడ్డి దున్నుటకు మునుపు, 19వ శతాబ్దములోనే ధూళి తుపానులు వచ్చినట్లు కాన్సాసు చరిత్రకారుడు జేమ్స్ మాలిన్ పాత పత్రికల నుండి చూపినారు. కరవు ప్రకృతిది, దానిని మహావిపత్తుగా పెంచుటలో మానవుని చేయి ఉన్నది. ఈ రెండింటిని వేరుచేసి చూపుట అరగంట చిత్రమునకు సాధ్యము కాలేదు.

మూడవ లోపము మనుష్యులకు సంబంధించినది. ఆదివాసి జాతుల నిర్మూలనము చిత్రములో ఒక్క వాక్యముతో ముగిసినది. మైదాన వాసులలో పలువురు కూడ ఈ చిత్రముపై కోపించినారు. తమ నేల అంతయు శ్మశానమైనట్లు చూపినారనియు, నిలిచి పోరాడుచున్నవారిని మరచినారనియు వారి ఫిర్యాదు. వారి ప్రతినిధులు చట్టసభలో ఆక్షేపించినారు. తుదకు ప్రభుత్వము చిత్రమును ప్రదర్శన నుండి ఉపసంహరించినది.

1936లోనే ఈ సంస్థ ఛాయాచిత్రకారుడు ఆర్థర్ రోత్‌స్టీన్ దక్షిణ డకోటాలో ఒక ఎద్దు పుఱ్ఱెను కొన్ని అడుగులు జరిపి ఫోటోలు తీసిన సంగతి బయటపడినది. కరవు నిజమే, పుఱ్ఱె నిజమే; అయినను ప్రతిపక్ష పత్రికలు కరవే కల్పితమన్నంత గొడవ చేసినవి. సత్యమును మరింత గట్టిగా చెప్పబోయి దానిని సవరించినచో, ఉన్న సత్యమును కూడ లోకము నమ్మదు.

నది కథ

లోరెంట్జ్ రెండవ చిత్రము ‘ది రివర్’ 1937లో విడుదలయినది. మిసిసిపీ నదీలోయలో అడవులు నరికినందున, ప్రత్తి సేద్యముచే నేల అలసినందున వరదలు ఉధృతమైనవని దాని సారాంశము. చిత్రీకరణ ముగియవచ్చినప్పుడే, 1937 జనవరిలో ఒహాయో నదికి మహావరద వచ్చినది. కెమెరాలు మరల బయలుదేరినవి. అందుచే తెరపై ఉన్న వరద నాటకము కాదు. 1938లో వెనిస్ చిత్రోత్సవములో దీనికి బహుమతి లభించినది.

ఈ చిత్రము చూపిన పరిష్కారము టెనెసీ లోయ సంస్థ కట్టిన ఆనకట్టలు. ఆ సంస్థ నమూనాపైననే భారతదేశములో 1948లో దామోదర్ లోయ కార్పొరేషను ఏర్పడినది. ఆనకట్టలు వరదల తీవ్రతను తగ్గించినవి, విద్యుత్తును ఇచ్చినవి. కాని తరువాతి కాలములో మరొక సంగతి బయటపడినది. మిసిసిపీ వ్యవస్థలో ఆనకట్టలు ఒండ్రును ఆపినవి. కరకట్టలు మిగిలిన ఒండ్రును డెల్టాపై పరచుకొననీయలేదు. చమురు కొరకు త్రవ్విన కాలువలు చిత్తడినేలలను చీల్చినవి. 1932 తరువాత లూసియానా తీరము సుమారు 1,900 చదరపు మైళ్ళ నేలను సముద్రమునకు కోల్పోయినది. 1937 నాటి చిత్రము ఈ ఫలితమును చూపజాలదు. అది దాని తప్పు కాదు. కాని నేడు దానిని చూచువారు ఈ సంగతిని ప్రక్కన ఉంచుకొని చూడవలెను.

తరగతి గదిలో

కావున ఇట్టి చిత్రమును విద్యార్థులకు చూపు ఉపాధ్యాయుడు దీపము వెలిగించిన తరువాత కొన్ని ప్రశ్నలు వేయుట మంచిది. చిత్రము తీయించినది ఎవరు? ఎన్ని సంవత్సరముల కథను ఎన్ని నిమిషములలో చెప్పినది? వాన, గాలి, మట్టి కొలతలు దానితో ఏకీభవించుచున్నవా? తెరపై మాటాడనివారు ఎవరు? చిత్రము ముగిసిన తరువాత ఏమి జరిగినది? ఈ ప్రశ్నలు చిత్రమును తక్కువ చేయుటకు గావు. న్యాయస్థానములో సాక్షిని ప్రశ్నించునది సాక్ష్యము విలువ తెలియుటకే.

నేల సంరక్షణ కొరకు పాటుపడిన హ్యూ బెన్నెట్ 1935లో సెనేటు సభ్యుల ముందు వాదించుచుండగా, మైదానముల దుమ్ము వాషింగ్టను ఆకాశమును కమ్మినదని చెప్పుదురు. ఆ ఏప్రిల్ 27వ తేదీన నేల సంరక్షణ చట్టము అమలులోనికి వచ్చినది. 1939లో వానలు తిరిగి వచ్చినవి. ప్రభుత్వము కొని మరల గడ్డి నాటించిన పొలములలో కొన్ని నేడు కాన్సాసులోని సిమరాన్ జాతీయ తృణభూమిగా ఉన్నవి. సెనేటు సభ్యులకు కిటికీలో నుండి దుమ్ము కనిపించినది. అట్టి కిటికీ లేని దూరప్రాంతముల వారికి, తరువాతి తరములకు ఆ దుమ్మును చూపినది చలనచిత్రమే.