మోటార్‌సైకిల్ హెల్మెట్ పుట్టుపూర్వోత్తరాలు

మోటార్‌సైకిల్ నడిపేవారి తలకు గట్టి తొడుగు కావాలని మొదట పట్టుబట్టింది డాక్టర్లు. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్‌లో 1914 ప్రాంతంలో ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యాధికారి ఉండేవారు. బండి మీంచి పడి తల పగిలినవాళ్లు ఆయన దగ్గరికి తరచుగా వచ్చేవారు. అప్పటి రైడర్లు నెత్తిన పెట్టుకునేది మెత్తటి తోలు టోపీ. అది చలిని, దుమ్మును ఆపేది తప్ప దెబ్బను ఆపేది కాదు. గార్డ్‌నర్ లండన్‌లోని ఒక పనివాడి చేత కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి, గట్టి డిప్పలాంటి టోపీ చేయించారు. పోటీలు నిర్వహించే ఆటో సైకిల్ యూనియన్ మొదట దాన్ని తోసిపుచ్చి, ఆ తర్వాత మనసు మార్చుకుంది. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ మోటార్‌సైకిల్ పోటీల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది. రైడర్లు గొణిగారు, అయినా పెట్టుకున్నారు. ఏటా టీటీ అయ్యాక తలకు దెబ్బలు తగిలిన ‘ఆసక్తికరమైన’ కేసులు వచ్చేవనీ, ఈసారి ఒక్కటీ రాలేదనీ ఆ దీవి వైద్యాధికారి గార్డ్‌నర్‌కు ఉత్తరం రాశారని చెబుతారు.

పోటీల సంగతి అలా తేలింది. రోడ్డు మీద మాత్రం మరో పాతికేళ్ల దాకా ఎవరూ పట్టించుకోలేదు. వేగంగా పోయేవాడికే ప్రమాదమన్న నమ్మకం అందుకు ఒక కారణం. నిజానికి నిలబడ్డ మనిషి వెనక్కి విరుచుకుపడి, తల నేలకు కొట్టుకున్నా ప్రాణం పోవచ్చు. బండి వేగం దానికి తోడైతే చెప్పనక్కర్లేదు.

1935 మే 13న డార్సెట్ ప్రాంతంలో జరిగిన ఒక ప్రమాదం ఈ కథను మలుపు తిప్పింది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా ప్రపంచానికి తెలిసిన టి.ఇ. లారెన్స్ తన బ్రఫ్ సుపీరియర్ బండి మీద ఇంటికి వస్తున్నాడు. రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఎదురుగా సైకిళ్ల మీద వెళుతున్న ఇద్దరు పిల్లలు ఆలస్యంగా కనిపించారు. వాళ్లను తప్పించబోయి ఎగిరిపడ్డాడు. తలకు రక్షణ ఏమీ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న చనిపోయాడు. వయసు 46. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రవైద్యుడు ఒకరు. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఆయన, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. పుర్రె లోపల జరిగిన నష్టాన్ని కత్తితో సరిదిద్దడానికి ఒక హద్దు ఉందని అలాంటి వైద్యుడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. మందు కంటే ముందు నివారణ వైపు ఆయన దృష్టి మళ్లింది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక ఆయనకు కావలసిన లెక్కలు దొరికాయి. సైన్యంలో వార్తలు మోసేవాళ్లంతా మోటార్‌సైకిళ్ల మీదే తిరిగేవారు. బాంబుల భయంతో రాత్రిళ్లు దీపాలు ఆర్పేయడంతో రోడ్లు చీకటిమయమయ్యాయి. యుద్ధానికి ముందు 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 1,884 మంది మోటార్‌సైకిల్ నడిపేవారు, వెనక కూర్చున్నవారు చనిపోగా, యుద్ధం మొదలైన 21 నెలల్లో ఆ సంఖ్య 2,279కి పెరిగింది. కెయిర్న్స్ 1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసంలో ఈ అంకెలు ఉన్నాయి. హెల్మెట్ పెట్టుకుని ప్రమాదానికి గురైనవాళ్లు ఆయనకు దొరికింది ఏడుగురే. ఆ ఏడుగురూ బతికారు. ఏడు చిన్న సంఖ్యే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ సైన్యం ఆ వాదనలో బలాన్ని గుర్తించింది. అదే ఏడాది నవంబరులో మోటార్‌సైకిల్ మీద విధులు చేసే సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. కొన్ని రబ్బరువి, కొన్ని నారగుజ్జుతో చేసినవి. ఆక్స్‌ఫర్డ్‌లోనే హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి, తల గిర్రున తిరిగినప్పుడు మెదడు కణజాలం ఎలా చిరుగుతుందో 1943లో వివరించాడు. హెల్మెట్ తయారీదారులు ఈ తిప్పుడు దెబ్బను లెక్కలోకి తీసుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

అప్పటి హెల్మెట్లు పైకి గట్టిగా ఉండేవి. లోపల తలకూ డిప్పకూ మధ్య పట్టీల జాలీ, కొంచెం ఖాళీ ఉండేవి. చిన్న దెబ్బకు ఇది చాలు, పెద్ద దెబ్బకు చాలదు. ఈ లోటును తీర్చింది అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యుద్ధ విమానాల పైలట్ల కోసం జరిగిన పరిశోధన. అక్కడ చార్లెస్ లొంబార్డ్, హెర్మన్ రోత్ రూపొందించిన హెల్మెట్‌కు 1953లో పేటెంట్ వచ్చింది. పైడిప్ప దెబ్బను విశాలంగా పరుస్తుంది, లోపలి పొర నలిగి ఆ శక్తిని మింగేస్తుంది. తల ఒక్కసారిగా ఆగిపోకుండా, కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువ తీసుకుని ఆగుతుంది. ప్రాణం నిలిచేది ఆ మిల్లీసెకన్లలోనే. తర్వాతి కాలంలో ఆ పొర స్థానాన్ని పాలిస్టైరీన్ నురుగు ఆక్రమించింది. టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ జాతిదే అది, కాకపోతే ఇంకాస్త చిక్కనిది. ఒకసారి నలిగితే తిరిగి పొంగదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి నున్నగా మెరుస్తున్నా పనికిరాదనడానికి కారణం ఇదే. హెల్మెట్ కొనేవాళ్లు వేలితో పైడిప్పను కొట్టి చూస్తారు గానీ, చూడవలసింది లోపలిదాన్ని.

అమెరికాలో రాయ్ రిక్టర్ నడిపిన బెల్ సంస్థ 1954లో ‘బెల్ 500’ను మార్కెట్లోకి తెచ్చింది. 1956లో విలియం స్నెల్ అనే కారు రేసర్ తలకు దెబ్బ తగిలి చనిపోతే, మరుసటి ఏడాది ఆయన పేరిట ఒక సంస్థ ఏర్పడి హెల్మెట్లను పరీక్షించడం మొదలుపెట్టింది. గడ్డాన్ని కూడా కప్పే నిండు హెల్మెట్ 1960ల చివర్లో వచ్చింది.

చట్టం మాత్రం శాస్త్రం వెనకాల నింపాదిగా నడిచింది. ప్రజలందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసిన మొదటి ప్రభుత్వం 1961లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానిది. కెయిర్న్స్ సొంత కర్మభూమి బ్రిటన్ 1973 దాకా ఆగింది. అంటే ఆయన వ్యాసానికి 32 ఏళ్ల తర్వాత. ఆయన 1952లోనే కన్నుమూశారు. తలపాగా కట్టే సిక్కులకు బ్రిటన్ 1976లో మినహాయింపు ఇచ్చింది. అమెరికాలో కథ ముందుకెళ్లి వెనక్కి వచ్చింది. హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రోడ్డు నిధులు తగ్గిస్తామని కేంద్రం బెదిరించడంతో 1975 నాటికి 47 రాష్ట్రాలు చట్టం చేశాయి. ‘నా తల నా ఇష్టం’ అంటూ రైడర్లు ఉద్యమించారు. 1976లో ఆ బెదిరింపు తొలగిపోగానే రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టాలను సడలించాయి.

ఆ గొడవ మధ్యలోనే, లొంబార్డ్ పనిచేసిన విశ్వవిద్యాలయంలోనే, హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజిలెస్‌లో దాదాపు 900 ప్రమాదాలను ప్రమాదస్థలానికే వెళ్లి పరిశీలించింది. 1981లో వెలువడిన ఆ నివేదిక కొత్తగా బండి నేర్చుకునేవారు ఇప్పటికీ చదవదగ్గది. ప్రమాదానికి గురైన రైడర్లలో 92 శాతం మందికి శిక్షణ లేదు. బండిని సొంతంగానో, ఇంట్లోవాళ్లు, స్నేహితులు చెప్పగానో నేర్చుకున్నవాళ్లే. ఆపద ముంచుకొచ్చినప్పుడు చాలామంది వెనక బ్రేకును బిగదొక్కి బండి జారిపోయేలా చేసుకున్నారు. ఎక్కువ ఆపగలిగే ముందు బ్రేకును తగినంత వాడలేదు. కారుతో ఢీకొన్న చాలా సందర్భాల్లో మోటార్‌సైకిల్‌ను చూడలేదన్నదే కారు నడిపినవాడి మాట. మందపాటి జాకెట్టు, బూట్లు, చేతి తొడుగులు చర్మం దోక్కుపోకుండా కాపాడాయని, తల, మెడ గాయాల విషయంలో హెల్మెట్‌ను మించినది లేదని నివేదిక తేల్చింది.

భారతదేశంలో హెల్మెట్ నిబంధన 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోకి 1977 సవరణతో సెక్షన్ 85ఎగా వచ్చింది. అమలు రాష్ట్రాల చేతిలో ఉండిపోయింది. దాని మీద చెప్పుకోదగ్గ న్యాయపోరాటం తెలుగునేల నుంచే వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమాల్లోని 498ఎ నియమం కింద హైదరాబాద్‌లో హెల్మెట్ తప్పనిసరి చేయడం రాజ్యాంగం ఇచ్చిన సంచార స్వేచ్ఛకు విరుద్ధమని ఒక వాహనదారు సుప్రీంకోర్టుకెక్కారు. కోర్టు 1988లో ఆ వాదనను కొట్టేసింది. ఆ నియమం నడిపేవాడి క్షేమం కోసమేననీ, అది స్వేచ్ఛకు అడ్డం కాదనీ చెప్పింది. అదే ఏడాది వచ్చిన కొత్త మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 129 ఈ బాధ్యతను వెనక కూర్చున్నవారికీ వర్తింపజేసింది, తలపాగా కట్టిన సిక్కులను మినహాయించింది. రాష్ట్రాలకు ఇతర మినహాయింపులిచ్చే వెసులుబాటూ మిగిల్చింది. ఢిల్లీలో ఆడవాళ్లకు ఆ మినహాయింపు 2014 దాకా సాగింది.

సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా తెలుగు పట్టణాల్లో హెల్మెట్ చాలాకాలం పెట్రోలు ట్యాంకు మీదో, మోచేతికో ప్రయాణించింది. పోలీసు కనిపించే కూడలి దగ్గర తల మీదికి ఎక్కేది, దాటగానే దిగేది. గడ్డం కింద పట్టీ బిగించడం ఇప్పటికీ అరుదే. పట్టీ లేని హెల్మెట్ మొదటి కుదుపుకే ఎగిరిపోతుంది, ఆ తర్వాత తల ఖాళీ. 2019 సవరణ జరిమానాను వెయ్యి రూపాయలకు పెంచి, మూడు నెలల పాటు లైసెన్సు నిలిపివేతనూ జతచేసింది. చలానా తప్పించుకోవడానికి రోడ్డు పక్కన కొన్న ప్లాస్టిక్ టోపీలు పెద్ద చిక్కు తెచ్చిపెట్టాయి. వాటిలో నలిగే పొర ఉండదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం ఐఎస్ఐ గుర్తు పొందని హెల్మెట్ల తయారీని, అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలని 2019 సవరణే చెప్పింది. అంతకంటే చిన్నపిల్లల కోసం 2022లో నోటిఫై చేసిన నియమాలు 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి. తొమ్మిది నెలలు దాటిన పిల్లల తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి. నాలుగేళ్లలోపు పిల్లలను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ కావాలి, బండి గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు.